దిగులును కొలిచే తొమ్మిది ప్రశ్నలు

షోలాపూర్‌లో మన ట్రస్టు నోటు పుస్తకాలు పంచిన రోజునే ఉచిత డిప్రెషన్ పరీక్షా పెట్టాం. రక్తం తీయరు, పి.హెచ్.క్యూ.-9 అనే ప్రశ్నపత్రం, 2001లో వెలువడింది. గత రెండు వారాల్లో దిగులు, నిద్రలేమి, నీరసం వంటివి ఎంత తరచుగా బాధించాయో ఒక్కో ప్రశ్నకు 0 నుంచి 3 వరకు వేయాలి. మొత్తం 27. పది, ఆపైన వస్తే జబ్బు ఖాయమని కాదు, డాక్టరు చూడాలని అర్థం.

ఉదయం అన్నీ సున్నాలే! అమ్మానాన్నలు పక్కనుంటే పిల్లలు ఏం రాస్తారు? మధ్యాహ్నం కుర్చీలు దూరం జరిపించాను. పొద్దున సున్నాలు వేసిన పన్నెండో తరగతి అమ్మాయి మళ్ళీ రాసింది. 16 వచ్చింది.

తొమ్మిదో ప్రశ్న చచ్చిపోవాలనే తలపు గురించి. మొత్తం ఎంతైనా సరే, అక్కడ 1 వేసినవారిని ఒంటరిగా పంపకూడదు. ఆ అమ్మాయి 1 వేసింది. ఆమెకు చెప్పే వాళ్ళమ్మను పిలిచి, డాక్టరుగారి గదిలోకి నేనే తీసుకెళ్ళాను. మార్కులు తగ్గాయి, స్కాలర్‌షిప్ పోతుందని భయమట. ఒక ఏడాది తగ్గితే మేం ఆపం. ఆ మాట దరఖాస్తులో రాయకపోవడం మా తప్పే. ఈసారి మొదటి పేజీలోనే వేయించాం.

ఇంట్లో చెప్పుకోలేకపోతే టెలి మానస్, 14416. ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు.