ఒకరి మార్కులు మరొకరికి ఎట్లా కనిపిస్తాయి?

ఉదయగిరి కొయ్య చెంచాలు మీలో చాలామంది చూసే ఉంటారు. కర్రతో చెంచాలు, గరిటెలు, ఫోర్కులు చెక్కడం అక్కడ తరతరాలుగా వస్తున్న పని. ఒక దుకాణంలో మామూలు చెంచాలు ముందే చెక్కి బుట్టలో ఉంచారనుకుందాం. అడిగినవారికి బుట్టలోంచి తీసి ఇస్తే క్షణంలో పని తీరిపోతుంది. పేరు చెక్కించుకోవాలంటే మాత్రం పనివాడు కూర్చుని చెక్కాల్సిందే. కొత్తగా చేరిన కుర్రవాడు, పేరు చెక్కిన చెంచాను కూడా 'చెంచా' అని చీటీ అంటించిన బుట్టలోనే పడేశాడనుకోండి. తరువాత వచ్చినవారి చేతికి ఎవరి పేరో ఉన్న చెంచా వస్తుంది!

వెబ్‌సైట్లలో ఇదే పొరపాటు జరుగుతూ ఉంటుంది. ఒక్కటే తేడా. చెంచా ఒకరికి ఇస్తే బుట్టలోంచి పోతుంది. కంప్యూటరు ఇచ్చేది నకలు. కాబట్టి ఒక్క తప్పు వేలమందికి చేరుతుంది.

మనం ఫోనులో ఒక పేజీ తెరిచామంటే, ఎక్కడో ఉన్న సర్వర్ అనే కంప్యూటరు ఆ పేజీని తయారుచేసి పంపుతుందన్నమాట. ఆ పేజీ ఒకే ముద్ద కాదు. పైన శీర్షిక, పక్కన సూచనలు, మధ్యలో మన వివరాలు, ఇలా ముక్కలుగా ఉంటుంది. ఈ ముక్కలనే కాంపొనెంట్లు అంటారు. వాటిని కూర్చి పేజీగా కట్టేందుకు ముందే సిద్ధంచేసిన చట్రం ఫ్రేమ్‌వర్క్. రియాక్ట్ అనే సాధనం మీద కట్టిన నెక్స్ట్ జేఎస్ అలాంటి చట్రమే.

ఒక ముక్క తయారీకి సెకనులో ఐదో వంతు పడుతుందనుకోండి. వెయ్యిమంది ఒకరి వెనుక ఒకరు అడిగితే 200 సెకన్లు. ముక్క అందరికీ ఒకటే అయితే ఒక్కసారి తయారుచేసి దాచుకుంటే చాలు. ఇట్లా దాచుకునే చోటును కాష్ అంటారు. 'దాచు' అనే అర్థంగల ఫ్రెంచి మాటనుంచి వచ్చిన పేరిది. ఆలోచన పాతదే. కేంబ్రిడ్జిలో మారిస్ విల్క్స్ 1965లో దీని గురించి రాశారు. 1968లో ఐబీఎం ప్రకటించిన సిస్టం 360 మోడల్ 85 యంత్రంలో ఇది అమరింది.

దాచినదాన్ని మళ్లీ వెదికి తీయాలంటే దానిమీద చీటీ ఉండాలి. బగ్ పుట్టేది సరిగ్గా ఇక్కడే. గణితంలో ప్రమేయాలు చదివారు కదా! z = x + y అనుకోండి. x = 3, y = 4 అయితే z = 7. ఈ జవాబును పుస్తకంలో 'x = 3 అయితే 7' అని మాత్రమే రాసుకున్నారు. రేపు ఎవరో x = 3, y = 10 అని అడిగితే, పుస్తకం చూసి 7 అనే చెబుతారు. లెక్క చేయడంలో తప్పు లేదు, చీటీ రాయడంలో తప్పు. జవాబు ఏ ఏ రాశులమీద ఆధారపడుతుందో అవన్నీ చీటీమీద ఉండాలి.

పదో తరగతి ఫలితాల రోజు ఊహించండి. ఉదయగిరి అమ్మాయి తన హాల్‌టికెట్ నంబరుతో లోపలికి వెళ్లి ఫలితం చూసింది. ఆ ముక్కకు బయటనుంచి అందించినది 'ఏ సంవత్సరం పరీక్ష' అన్న సంగతి ఒక్కటే. కాని లోపల అది 'ఇప్పుడు వచ్చినవారు ఎవరు' అని చప్పుడుకాకుండా మరోచోట చూసుకుంటోంది. బయటనుంచి అందినదాన్ని మాత్రమే చూసి చీటీ రాసే ఏర్పాటు ఉంటే, చీటీమీద సంవత్సరమే పడుతుంది, నంబరు పడదు. మరుక్షణం ఆత్మకూరు అబ్బాయి వచ్చాడు. చీటీ సరిపోయింది! అమ్మాయి పేరు, మార్కులు, పుట్టినతేదీ అతని తెరమీద ప్రత్యక్షమయ్యాయి. అతను తప్పాననుకుని ఏడ్చినా, ఆమె వివరాలు పదిమందికి పంపినా, ఇద్దరిలో ఎవరూ చేసిన తప్పు కాదది.

మరి తయారుచేసినవారు ముందే చూసుకోలేదా? చూసుకునే ఉంటారు, కాని ఒంటరిగా. ఒక్కరే పరీక్షిస్తే ఎప్పుడూ తమ వివరాలే కనిపిస్తాయి. పైగా పని జరుగుతున్న రోజుల్లో కాష్‌ను తరచు ఆపి ఉంచుతారు. ఈ బగ్ బయటపడాలంటే కనీసం ఇద్దరు కావాలి.

దీనికి దగ్గరి సంఘటన నిజంగానే జరిగింది. వాల్వ్ కంపెనీ నడిపే స్టీమ్ అనే ఆటల దుకాణం మీద 2015 డిసెంబరు 25న దొంగ అభ్యర్థనల దాడి జరిగింది. రద్దీ మామూలుకన్నా 2000 శాతం పెరిగింది. తట్టుకోవడానికి కాష్ నియమాలను హడావుడిగా మార్చారు. ఆ మార్పులో ఒకటి తప్పింది. సుమారు గంటన్నరసేపు ఒకరి పేజీలు మరొకరికి వెళ్లాయి. దాదాపు 34,000 మంది వివరాలు ఇతరులకు కనిపించి ఉండవచ్చని కంపెనీయే ప్రకటించింది. అక్కడ దాచినవి విడి ముక్కలు కావు, పేజీలే. అయినా జరిగిన తప్పు ఒకటే జాతిది.

నెక్స్ట్ జేఎస్ సంగతి చూడండి. 2022లో వచ్చిన దాని 13వ రూపం సర్వర్ తెచ్చిన సమాచారాన్ని, వద్దని చెప్పకపోతే తనంతట తానే దాచేది. చాలామంది తికమకపడ్డారు. 2024 అక్టోబరులో వచ్చిన 15వ రూపం ఈ పద్ధతిని తిరగేసింది: దాచమని చెబితేనే దాచుతుంది. నాకు రెండోదే మేలనిపిస్తుంది. వేగం తగ్గితే కాసేపు కాచుకుంటాం, రహస్యం పోతే తిరిగి రాదు.

చీటీమీద హాల్‌టికెట్ నంబరు కూడా చేర్చడం ఒక మందు. సొంత వివరాల ముక్కను అసలు దాచకపోవడం ఇంకా గట్టి మందు. సర్వర్ తన జవాబుకు 'ప్రైవేట్' అన్న గుర్తు తగిలిస్తే, నియమం పాటించే మధ్యలోని ఉమ్మడి కాష్‌లు దాన్ని దాచవు. ఇంకొక జాగ్రత్త గడువు. పాతబడే సమాచారం మీద 'ఇంతసేపే చెల్లుతుంది' అని రాయకపోతే, నిన్నటి సంగతి ఇవాళ కూడా చూపిస్తుంది.

తరగతిలో ఈ ప్రయోగం చేయండి. ఒకరు సర్వర్, ఒకరు కాష్, మిగతావారు అడిగేవారు. అడిగేవారు వంతులవారీగా తమ ఇంటిపేరు చెప్పి, తమ పుట్టిన నెల ఏమిటో అడగాలి. కాష్ దగ్గర ఆ ఇంటిపేరుతో చీటీ ఉంటే అందులో ఉన్నదే జవాబు. లేకపోతే సర్వర్ హాజరుపట్టీ చూసి చెబుతాడు, కాష్ రాసుకుంటాడు. ఒకే ఇంటిపేరున్న ఇద్దరు వచ్చేదాకా అంతా సవ్యంగానే సాగుతుంది.

ఇక మీకొక ప్రశ్న. ఆత్మకూరునుంచి నెల్లూరు వెళ్లే బస్సుకు టికెట్టు ఇచ్చే పేజీ కట్టాలి. అందులో బస్సు వేళలు, ఖాళీ సీట్లు, ప్రయాణికుడి పేరు, ఛార్జీ పట్టిక అని నాలుగు ముక్కలున్నాయి. వీటిలో వేటిని దాచుతారు? ఏ చీటీతో, ఎంత గడువుతో?