వృద్ధుల ఎముకల బలము - పంచాయతీ బాధ్యత

ఊరిలో ఒక వృద్ధురాలు దొడ్డిలో కాలుజారి పడి, తుంటి ఎముక విరిగి మంచము పట్టినచో, "వయసు మీరినది, ఏమి చేయగలము?" అని ఇరుగుపొరుగువారు నిట్టూర్చి ఊరకుందురు. ఈ మాటలో సగమే నిజము. ఎముక పెళుసగుటకు వయస్సు ఒక కారణము. తినిన తిండి, త్రాగిన నీరు, మానివేసిన పని తక్కిన కారణములు. పాచిపట్టిన బండ కాలు జార్చును. ఇవి మనుష్య ప్రయత్నమునకు లోబడినవి. కొన్ని నేరుగా పంచాయతీ చేతిలోనే యున్నవి.

ఎముక నిత్యము అరుగుచు మరల కట్టబడుచుండు సజీవ పదార్థము. సుమారు 30 ఏండ్ల వరకు కూడబెట్టినదే మూలధనము. పిదప అది క్రమముగా తరుగును. ముట్లుడిగిన స్త్రీలలో కొన్ని ఏండ్లపాటు ఈ తరుగుదల మరింత వేగముగా సాగును. కండరములును 30 ఏండ్లు దాటినది మొదలు పదేండ్లకు నూటికి 3 నుండి 8 పాళ్ల వరకు తగ్గునని అంచనా. కాళ్లలో కండ గలవాడు తొట్రుపడినను నిలదొక్కుకొనును. అది సన్నగిలినవాడు పడును, ఎముక విరుగును.

భారత వైద్య పరిశోధన మండలి, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ప్రకటించిన ప్రమాణముల ప్రకారము పెద్దలకు దినమునకు 1,000 మిల్లీగ్రాముల కాల్షియము, ముట్లుడిగిన స్త్రీలకు 1,200 మిల్లీగ్రాములు అవసరము. తెల్లని బియ్యము 100 గ్రాములలో పది మిల్లీగ్రాములైనను లేదు. అంతే బరువు రాగులలో సుమారు 360, మునగాకులో 300కు పైగా, అవిసె ఆకులో 900 వరకు కలదు. పొట్టు తీయని నువ్వులు వీనినన్నిటిని మించినవి. సంకటిని పేదల తిండియని విడిచిన ఇండ్లు ఏమి పోగొట్టుకొనినవో దీనివలన తెలియును. పాలన్నియు కేంద్రమునకు పోసి, ముసలివారికి నీళ్ల మజ్జిగ మిగుల్చు ఇండ్లును కలవు! పండ్లూడినవారిని చారన్నముతో సరిపెట్టరాదు. కండకు మాంసకృత్తులు కావలెను గనుక మెత్తగా ఉడికిన పప్పు, గ్రుడ్డు, చేప పెట్టవలెను.

తినిన కాల్షియము ఒంటబట్టుటకు డి విటమిను అవసరము. ఎండ పుష్కలముగాగల దేశములో దీనికి కొరత యుండదని తలంతుము. కాని తిరుపతి పరిసరముల పల్లెవాసులను, పట్టణవాసులను పరీక్షించి 2007లో ప్రచురించిన అధ్యయనములో ఇరువురిలోను ఈ కొరత కనబడినది. చర్మముపై డి విటమిను తయారగుటకు లేత ఎండకన్న ప్రొద్దెక్కిన ఎండయే మేలు. నడివేసవిలో మాత్రము వృద్ధులు మిట్టమధ్యాహ్నము బయట నిలువరాదు.

సేద్యము కొడుకు చేతికి అప్పగించి అరుగునకే పరిమితమైన రైతు కాళ్లు త్వరలో సన్నగిల్లును. విశ్రాంతి పేరిట అతనిని కూర్చుండబెట్టుట ఉపకారము కాదు. ప్రతిదినము నడక, కుర్చీనుండి చేతుల ఊత లేకుండ పదిసార్లు లేచుట, తేలికపాటి బరువులు ఎత్తుట మంచివి. గుండెజబ్బు గలవారు, ఒకసారి పడినవారు ముందుగా వైద్యుని సలహా పొందవలెను.

నీటి విషయము పంచాయతీ ప్రత్యేకముగా పట్టించుకొనవలసినది. ఫ్లోరైడు వలన నడుము, మెడ బిగిసిపోవు వ్యాధి నాటి నెల్లూరు జిల్లా గ్రామములలో కలదని 1937లో వైద్యులు ప్రకటించిరి. తరువాత నల్లగొండ ఈ బాధకు పేరుపొందినది. ఫ్లోరైడు చేరిన ఎముక గట్టిపడినట్లుండియు సులభముగా విరుగును. లీటరు నీటిలో ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము మించరాదు. వేరొక ఆధారము లేనిచోట 1.5 వరకు అనుమతి కలదు. కాచినంతమాత్రమున ఇది పోదు. కుళాయినీరు వచ్చిన ఊళ్లలోను, అది ఆగిన దినములలో పాత బోరును ఆశ్రయించువారుందురు. ప్రతి బోరునీటిని పరీక్ష చేయించి, చెడ్డదానిపై "త్రాగరాదు" అని ఎర్రరంగుతో వ్రాయింపవలెను.

చేతిపంపు చుట్టునున్న గచ్చుపై పాచి గీకించుట, రేషను దుకాణపు మెట్లకు ఇనుప కమ్మీ బిగించుట, చీకటి మలుపున దీపము వేయించుట కొద్దిపాటి ఖర్చుతో తీరు పనులు. ఊరిలో గడచిన ఏడాది ఎవరెవరు ఎచ్చట పడిరో గ్రామసభలో అడిగినచో ఏ పని ముందు చేయవలెనో తెలిసిపోవును.

ఇంత చేసినను తుంటి విరిగినచో నాటుకట్టుతో కాలము గడుపరాదు. ఈ విరుగుడునకు సాధారణముగా శస్త్రచికిత్స కావలెను. ఆలస్యమైనకొలది మంచపు పుండ్లు, ఊపిరితిత్తుల జబ్బు సంక్రమించును. కాలును కదలనీయక, చెక్కబల్లపై పరుండబెట్టి, వీలైనచో ఆ దినముననే 108 బండిలో ఎముకల వైద్యుడున్న ఆసుపత్రికి చేర్పవలెను.