డైరీలో పూల తేదీలు

మీలో డైరీ వ్రాసే అలవాటు ఎందరికుంది? మొదట్లో అందరం మన సంగతులే వ్రాసుకుంటాం. ఏళ్ళు గడిచేకొద్దీ డైరీ ఎలా మారుతుందో, ఎలా ఉపయోగపడుతుందో చూద్దాం.

అమెరికాలోని కాంకర్డ్ అనే ఊళ్ళో హెన్రీ డేవిడ్ థోరో 1837లో, 20 ఏళ్ళ వయసులో, డైరీ మొదలుపెట్టాడు. తొలి పుటల్లో ఎక్కువగా అతని ఆలోచనలూ, చదివిన పుస్తకాల విషయాలూ ఉండేవి. 1850 తర్వాత డైరీ తీరు మారింది. పొలాలూ అడవులూ తిరిగి, ఏ మొక్క ఏ తేదీన మొదటి పువ్వు పూసిందో వ్రాయసాగాడు. 1861లో క్షయవ్యాధి ముదిరేదాకా వ్రాశాడు. మరుసటి ఏడాది మరణించాడు.

ఈ తేదీలు ఎవరికి కావాలి అనుకుంటున్నారా? సుమారు 150 ఏళ్ళ తర్వాత శాస్త్రజ్ఞులు అదే ఊళ్ళో, అతను వ్రాసిన మొక్కలనే వెతికి పరిశీలించారు. సగటున వారం రోజుల ముందే పూస్తున్నాయని తేలింది! ఆ ప్రాంతం అప్పటికంటే వేడెక్కడమే ఇందుకు ముఖ్య కారణం. థోరో తేదీ వేయకుండా "పూలు పూశాయి" అని మాత్రమే వ్రాసి ఉంటే, పోల్చడానికి ఆధారమే ఉండేది కాదు.

మీరూ ప్రయత్నించండి. మీ వీధిలో ఒక వేపచెట్టును ఎన్నుకోండి. మొదటి పువ్వు కనిపించిన తేదీని ఏటేటా వ్రాయండి. చూడని రోజున చూసినట్లు వ్రాయకండి. ఒక్క ఏడాది తేదీతో ఏమీ తేలదు. ఏళ్ళ తరబడి వ్రాస్తేనే మార్పు తెలుస్తుంది.