కొండ ఎక్కేవారు ఎక్కడ ఆగాలి?

యునానీ వైద్యంలో 'అస్బాబె సిత్తా జరూరియా' అని ఆరు అవసరాలు చెబుతారు. గాలి, అన్నపానాలు, శరీరానికి కదలిక-విశ్రాంతి, మనసుకు కదలిక-విశ్రాంతి, నిద్ర-మెలకువ, విసర్జన-నిలుపుదల. వీటిలో మూడోదాని కిందికి వచ్చేది వ్యాయామం, అంటే రియాజత్. మనంతట మనం చేసే కదలిక వల్ల శ్వాస లోతుగా, వేగంగా సాగితేనే అది రియాజత్ అని బూ అలీ సీనా తన 'అల్ ఖానూన్'లో చెప్పారు. వంటగదికీ వాకిలికీ తిరిగి "రోజంతా నడుస్తూనే ఉన్నాను హకీంగారూ" అనేవారు ఈ మాట గమనించాలి.

వీపుకు సంచి తగిలించుకుని కొండ ఎక్కడం నిజమైన రియాజత్. అయితే ఏడాదంతా కుర్చీలో కూర్చుని ఒక్క ఆదివారం కొండ మీద పడితే ఒళ్లు ఊరుకోదు. పుణె దగ్గరి సింహగఢ్ కోటనే చూడండి. సముద్రమట్టానికి సుమారు 1,300 మీటర్ల ఎత్తు. కాలిబాట నిటారుగా ఉంటుంది. కుర్రాళ్లు పక్కనుంచి దాటిపోతుంటే యాభై దాటినవారికి కూడా పౌరుషం వస్తుంది. ఆగవలసిన చోటు తప్పేది అప్పుడే.

ఆగడానికి ఖానూన్‌లో మూడు గుర్తులున్నాయి. ముఖం రంగు తేటగా ఉన్నంతవరకు, కదలిక తేలికగా ఉన్నంతవరకు, అవయవాలు నిండుగా ఉన్నంతవరకు సాగవచ్చు. ఇవి తగ్గుముఖం పడితే ఆగాలి. పెదవులు పాలిపోయాయా, అడుగు ఈడుస్తున్నారా అని జతగా వెళ్లినవారు ఒకరినొకరు చూసుకోవాలి. నా వంతుగా మరొకటి చేరుస్తాను: ఒక పూర్తి వాక్యం ఆగకుండా మాట్లాడలేకపోతే వేగం తగ్గించండి.

ఛాతీ బిగుసుకున్నా, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకినా అది అలసట కాదు. చూర్ణాలూ లేహ్యాలూ వెతకవద్దు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. గుండె జబ్బు, రక్తపోటు ఉన్నవారు ముందే తమ డాక్టరును అడగాలి. ఇన్సులిన్ తీసుకునే మధుమేహ రోగులకు ఎక్కేటప్పుడు చక్కెర పడిపోవచ్చు. వణుకు, చల్లని చెమట కనబడితే తినడానికి గ్లూకోజు జేబులో ఉండాలి, సంచి అడుగున కాదు.

నెలా రెండు నెలల ముందునుంచే మెట్లెక్కడం సాధన చేయండి. మొదట ఉత్త చేతులతో, తరువాత సంచితో. సంచి బరువు మీ బరువులో పదోవంతు మించకపోతే మంచిది. అరవై కిలోల మనిషికి ఆరు కిలోలు. రెండు లీటర్ల నీళ్లకే రెండు కిలోలు పోతాయని మరవకండి. కడుపునిండా తిని ఎక్కకూడదు, పస్తుతోనూ ఎక్కకూడదు. వేసవిలో సికంజబీన్ నీళ్లలో కలుపుకుని తాగితే దాహం తీరుతుంది. అందులో తీపి, సిర్కా ఉంటాయి కనుక మధుమేహం, కడుపులో పుండు ఉన్నవారికి పనికిరాదు.

ఎక్కడం కంటే దిగడమే మోకాళ్లకు కష్టం. దిగేటప్పుడు తొడ కండరాలు సాగుతూ బరువు ఆపవలసి వస్తుంది. ఆ నొప్పి మర్నాడో మూడోనాడో బయటపడుతుంది. చేతికర్ర పట్టుకుని చిన్న అడుగులు వేయండి. సింహగఢ్ పైదాకా వాహనాల దారి ఉంది. మోకాళ్లు అరిగినవారు ఎక్కడం కాలినడకన, దిగడం బండిలో పెట్టుకుంటే నామోషీ ఏమీ లేదు.

ఇంటికి వచ్చాక గోరువెచ్చని నీళ్లతో స్నానం చేసి, పిక్కలకు, తొడలకు రోగనె బాబూనా మెల్లగా మర్దన చేయించుకోండి. వ్యాయామం తరువాతి ఈ మర్దనను 'దల్కె ఇస్తిర్దాద్' అంటారు. చీలమండ బెణికి వాచితే మాత్రం మర్దన చేయవద్దు. చల్లని నీటి గుడ్డ వేసి కాలు ఎత్తులో పెట్టాలి. కాలు మోపలేకపోతే ఎక్స్‌రే తీయించాలి.