తుపాకీతో విమానం ఎక్కాలంటే: సందేహాలు - సమాధానాలు

ఈసారి ఉత్తరాలు ఎక్కువగా అండమాన్‌లోని ఫీనిక్స్ బే నుంచి, దాని చుట్టుపక్కల బస్తీల నుంచి వచ్చాయి. అన్నిటిలోనూ ఒకటే భయం కనిపించింది. తుపాకీ అనే మాట విమానాశ్రయంలో నోటివెంట వస్తే చాలు, చేతులకు బేడీలు పడతాయని. ఆ భయం సహజమే. ఒక్కొక్కరికీ విడిగా జవాబు చెబుతాను.

మా అబ్బాయి టెక్సాస్‌లో ఉంటాడు. వచ్చే శీతాకాలం జింకల వేటకు తీసుకెళ్తానంటున్నాడు. నా దగ్గర లైసెన్సున్న .315 రైఫిల్ ఉంది. దాన్ని విమానంలో తీసుకెళ్తే ఈ వయసులో జైలుపాలవుతానేమోనని నిద్ర పట్టడం లేదు.
*- ఒక పాఠకుడు (64), ఫీనిక్స్ బే*

ముందు మీరు హాయిగా నిద్రపోండి. లైసెన్సున్న సొంత తుపాకీని సొంత వాడకానికి, అందరికీ చెప్పి తీసుకెళ్లడం మన దేశంలో నేరం కాదు. 1959 నాటి ఆయుధాల చట్టం 10వ సెక్షనే ఆ వెసులుబాటు ఇచ్చింది. చట్టప్రకారం తుపాకీ ఉంచుకునే అర్హత ఉన్నవారు దాన్నీ, సరిపడా తూటాలనూ వేరే ఎగుమతి లైసెన్సు లేకుండా దేశం దాటించవచ్చు. అయితే ఆ మినహాయింపు మీకు వర్తిస్తుందా అని కస్టమ్స్ కమిషనర్‌కు అనుమానం వస్తే, కేంద్ర ప్రభుత్వం నుంచి ఉత్తర్వు వచ్చేదాకా తుపాకీని ఆపి ఉంచే అధికారం కూడా అదే సెక్షన్లో ఉంది. అందుకే లైసెన్సు ఇచ్చిన కార్యాలయానికీ, మీరు దేశం దాటే విమానాశ్రయంలోని కస్టమ్స్‌కూ ముందుగానే ఉత్తరం రాసి, వాళ్ల జవాబు కాగితం దగ్గర పెట్టుకోండి.

అసలు పని అమెరికా వైపు ఉంది. విజిటర్ వీసా మీద వెళ్లేవారు తుపాకీ దించాలంటే అక్కడి ఏటీఎఫ్ అనే సంస్థ నుంచి ముందే అనుమతి తెచ్చుకోవాలి. ఆ దరఖాస్తును ఫారం 6ఎన్‌ఐఏ అంటారు. దానికి మీ పేరున అమెరికాలోని ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు కూడా జతచేయాలి. రెండు మూడు నెలల ముందు మొదలుపెట్టకపోతే కుదరదు. నా మాట అడిగితే మాత్రం ఆ రైఫిల్‌ను ఇంటి దగ్గరే ఉంచమంటాను. మన ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ .315కు సరిపోయే తూటాలు అక్కడి దుకాణాల్లో దొరకడం కష్టం. మీ అబ్బాయి రైఫిల్‌తోనే వేటాడండి. కానీ దాన్ని చేతపట్టడానికి కూడా మీ పేరున వేట లైసెన్సు ఉండాలి, ఇది మరిచిపోకండి.

నా లైసెన్సు మీద చెల్లుబాటు ప్రాంతం అండమాన్, నికోబార్ అని మాత్రమే ఉంది. చెన్నైలో విమానం మారితే చాలు కదా, బయటికి వెళ్లను. అయినా తప్పేనా?
*- పేరు రాయలేదు, హద్దో*

కంగారు పడకండి. తప్పు జరగకముందే అడిగారు. చెన్నైలో దిగిన క్షణం నుంచి మీరు తమిళనాడులో ఆయుధంతో ఉన్నట్టే లెక్క. గంట ఉన్నా, పూట ఉన్నా తేడా లేదు. మీ జిల్లా డిప్యూటీ కమిషనర్ కార్యాలయంలో చెల్లుబాటు ప్రాంతం పొడిగించమనో, ఈ ఒక్క ప్రయాణానికి అనుమతి ఇమ్మనో దరఖాస్తు పెట్టండి. వెళ్లినప్పుడే లైసెన్సు గడువు తేదీ, జాతీయ జాబితాలో మీకు ఇచ్చిన యూఐఎన్ నంబరు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోండి. 2019 సవరణ తర్వాత లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి అయిదేళ్లకు పెరిగింది గానీ, పాత పుస్తకాల మీద పాత తేదీలే ఉంటాయి. గడువు మీరు తిరిగొచ్చే రోజు కూడా దాటి ఉండాలి. ప్రయాణం వారంలోకి వచ్చినా అనుమతి చేతికి రాకపోతే, అప్పుడు దిగులు పడాల్సిందే. ఆ ఒక్కసారికి తుపాకీ లేకుండా వెళ్లండి.

కౌంటర్ దగ్గర "తుపాకీ ఉంది" అని ఎలా చెప్పను? వెనక వరుసలో అందరూ వింటారు. తలచుకుంటేనే చేతులు వణుకుతున్నాయి.
*- ఒక పాఠకుడు, జంగ్లీఘాట్*

గట్టిగా చెప్పనక్కర్లేదు. "నా సామానులో లైసెన్సున్న ఆయుధం ఉంది, టికెట్ తీసుకున్నప్పుడే మీ ఎయిర్‌లైన్‌కు తెలియజేశాను" అని మామూలు గొంతుతో చెప్పి లైసెన్సు చూపించండి. వాళ్లకిది కొత్త కాదు. మిమ్మల్ని పక్కకు పిలుస్తారు, తుపాకీ మీద నంబరును లైసెన్సుతో సరిచూస్తారు, ఖాళీగా ఉందని నిర్ధారించుకుని ఒక కాగితం మీద సంతకం తీసుకుంటారు. పెట్టె మీరంతట మీరు తెరవకండి, వాళ్లు చెప్పాకే తెరవండి. ఈ పనికి సమయం పడుతుంది కాబట్టి మామూలు కంటే కనీసం గంట ముందు చేరుకోండి.

ఇంటి దగ్గర చేయాల్సిన పని ఒకటుంది. మ్యాగజైన్ తీసేయండి, బోల్టు లాగి పాత నూలు గుడ్డలో చుట్టండి. తర్వాత రైఫిల్‌ను వెనకవైపు నుంచి కంటికి ఆనించి గొట్టంలోంచి కిటికీ వైపు చూడండి. అటు చివర చిన్న నాణెమంత వెలుతురు గుండ్రంగా కనిపించాలి. కనిపించిందా, అది ఖాళీ. ఇంకొకరి చేత కూడా చూపించండి. నేను ముప్పై ఏళ్లుగా ఇంటి నుంచి బయలుదేరేముందు రెండుసార్లు చూస్తాను, ఒకసారి నా కంటితో, ఒకసారి మా ఇంట్లోవాళ్ల కంటితో. ఆ తర్వాతే గట్టి పెట్టెలో పెట్టి తాళం వేస్తాను. పెట్టె చెకిన్ సామానులోనే వెళ్లాలి, చేతిసంచిలో ఎప్పటికీ కుదరదు.

తూటాలు ఎన్ని తీసుకెళ్లవచ్చు? నావీ, మా తమ్ముడివీ కలిపి ఒకే పెట్టెలో పెట్టవచ్చా?
*- ఒక పాఠకుడు, అబర్డీన్ బజార్*

విమానయానానికి అంతర్జాతీయంగా ఉన్న పరిమితి మనిషికి అయిదు కిలోలు, పెట్టె బరువుతో సహా. ఇద్దరివి ఒకే పెట్టెలో కలపకూడదు. పేలే మొన ఉన్నవి, నిప్పంటించేవి అసలే వద్దు. తుపాకీ ఒకచోట, తూటాలు కంపెనీ డబ్బాలోనే వేరేచోట ఉండాలి. మీ ఎయిర్‌లైన్ ఇంకా తక్కువే ఒప్పుకుంటుందేమో ముందే అడిగి రాయించుకోండి. నేనైతే, అక్కడ దొరికే తూటా అయితే ఒక్కటి కూడా మోసుకెళ్లను.

మా నాన్నగారిది మందు కూరే పాత తుపాకీ. పంటకు కాపలా కోసం ఇచ్చిన లైసెన్సు. దాన్ని చూపించాలని ఆస్ట్రేలియాలో ఉన్న బావగారు అడుగుతున్నారు.
*- ఒక పాఠకురాలు, డిగ్లీపూర్*

అమ్మా, బావగారికి ఫొటో పంపండి. తుపాకీలో కూరే మందు విమానంలో సామానులో కూడా నిషేధం. పైగా ఆ లైసెన్సు పంట కోసం ఇచ్చినది, ఊరు దాటించడానికి కాదు. నాన్నగారి పేరున ఉన్న తుపాకీని మీరు తీసుకెళ్లడం అసలు కుదరని మాట.

గత నెల చెన్నై విమానాశ్రయంలో నా హ్యాండ్‌బ్యాగు అడుగున ఒక తూటా దొరికింది. అది మా మామగారిది, ఆయన పోయి రెండేళ్లయింది. బ్యాగు ఆయన వాడినదే. పోలీసులు కేసు రాశారు. విదేశంలో చదువుకుంటున్న మా అమ్మాయి దగ్గరికి ఇక వెళ్లలేనా?
*- పేరు ముద్రించవద్దని కోరారు, ఫీనిక్స్ బే*

ఈ ఉత్తరం చదివి నేను కొంచెంసేపు పక్కన పెట్టలేకపోయాను. మీరు దొంగ కాదు, నేరస్తురాలూ కాదు. మరిచిపోయిన ఒక తూటా దేశమంతా విమానాశ్రయాల్లో దొరుకుతూనే ఉంటుంది. వస్తువు మన దగ్గర ఉన్నంతమాత్రాన చాలదు, ఉందని మనకు తెలిసి ఉండాలి అని సుప్రీంకోర్టు 1972లోనే గున్వంత్‌లాల్ కేసులో చెప్పింది. తర్వాత ఇలాంటి కేసులు చాలావాటిని హైకోర్టులు ఆ సూత్రం మీదే కొట్టేశాయి. మామగారి లైసెన్సు కాపీ, మరణ ధ్రువపత్రం, బ్యాగు ఆయనదేనని చెప్పగల ఇద్దరి మాటలు లాయరు చేతిలో పెట్టండి.

ఎప్పుడు భయపడాలంటే, నోటీసు వచ్చినా హాజరు కాకపోతే. అప్పుడు కేసు మొదటి కారణం వదిలేసి కొత్త దారి పడుతుంది. కేసు తేలేదాకా విదేశీ ప్రయాణానికి కోర్టు అనుమతి కావచ్చు, దాని గురించి లాయరుతో ఈ వారమే మాట్లాడండి. మామగారి తుపాకీ, మిగిలిన తూటాలు ఇంకా ఇంట్లోనే ఉంటే ఈ రోజే దగ్గరి పోలీస్ స్టేషన్లో గానీ, లైసెన్సున్న డీలర్ దగ్గర గానీ అప్పగించి రసీదు తీసుకోండి. లైసెన్సుదారు పోయాక అవి ఇంట్లో ఉండకూడదు.

మా అమ్మాయి పదమూడేళ్ల పిల్ల, ఎయిర్ రైఫిల్ షూటింగ్ నేర్చుకుంటోంది. విదేశంలో పోటీకి ఎంపికైంది. ఎయిర్ రైఫిల్‌కు లైసెన్సు అవసరం లేదంటారు, మరి విమానంలో?
*- ఒక తండ్రి, డాలీగంజ్*

అభినందనలు. హైదరాబాద్ నుంచి గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లోనే కాంస్యం తెచ్చారు, మీ అమ్మాయి పట్టుకున్నది ఆ దారే. మీరు విన్నది నిజమే. .177 బోరు, 20 జౌళ్ల లోపు శక్తి ఉన్న ఎయిర్ రైఫిల్‌కు మన దగ్గర లైసెన్సు అక్కర్లేదు. కానీ విమానానికి అది తుపాకీయే. ముందే తెలియజేసి చెకిన్‌లోనే వేయాలి. గాలి సిలిండరు ఖాళీ చేసి, విప్పి, విడిగా చూపించండి. చాలామంది ఈ సిలిండరు దగ్గరే ఆగిపోతారు.

ఇంకొక మాట. వెళ్లే దేశంలో అదే రైఫిల్‌కు లైసెన్సు అడగవచ్చు. పోటీ నిర్వాహకుల ఆహ్వాన లేఖ, రైఫిల్ నంబరు రాసిన ఫెడరేషన్ లేఖ, కొన్న రసీదు తీసుకోండి. వెళ్లేటప్పుడు కస్టమ్స్ దగ్గర ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ రాయించుకోవడం మానకండి. అది లేకపోతే తిరిగొచ్చాక సొంత వస్తువు మీదే సుంకం అడిగే ప్రమాదం ఉంది. తండ్రిగా మీరు కంగారు పడితే పిల్లకూ ఆ కంగారు అంటుకుంటుంది, కాగితాల పని మీ మీదే ఉంచుకోండి.

టికెట్ చౌకగా ఉందని సింగపూర్ మీదుగా బుక్ చేశాను. అక్కడ మూడు గంటలే ఆగుతాను, పెట్టె విమానంలోంచి విమానంలోకి వెళ్లిపోతుంది. పర్వాలేదా?
*- ఒక పాఠకుడు, మాయాబందర్*

ఇక్కడ మాత్రం మీరు దిగులుపడటం సబబే, టికెట్ మార్చుకోండి. సింగపూర్‌లో తుపాకీ దాటిపోతున్నా పోలీసు అనుమతి కావాలి. మలేసియా కూడా ఆయుధాల విషయంలో చాలా కఠినం. దారిలో విమానం మారే ప్రతి దేశాన్నీ వెళ్లే దేశంగానే లెక్కపెట్టండి. వీలైతే మన దేశం నుంచి గమ్యానికి నేరుగా వెళ్లే విమానం చూసుకోండి. ఇక్కడి నుంచి చెన్నైకో, కోల్‌కతాకో, ఢిల్లీకో చేరి అక్కడి నుంచి బయలుదేరితే తలనొప్పి సగం తగ్గుతుంది.

దక్షిణాఫ్రికాలో వేటకు స్నేహితులు పిలిచారు. నాకు తుపాకీ లైసెన్సు ఉంది. అక్కడ దిగగానే తుపాకీ తీసేసుకుంటారా?
*- ఒక పాఠకుడు, విశాఖపట్నం*

తీసేసుకోరు. అక్కడికి తుపాకీతో వెళ్లే వేటగాళ్లు ఏటా చాలామంది ఉంటారు, పోలీసుల దగ్గర అందుకు ప్రత్యేకంగా ఒక కౌంటరే ఉంటుంది. ఎస్‌ఏపీఎస్ 520 అనే ఫారం నల్ల సిరాతో నింపండి, సంతకం మాత్రం అక్కడి పోలీసు ఎదుటే పెట్టండి. ఆహ్వాన లేఖ, లైసెన్సు కాపీ, తిరుగు టికెట్ జత చేయాలి. ఆత్మరక్షణకు అని రాస్తే కుదరదు, వేటకు అనే రాయాలి. వచ్చేటప్పుడు కొమ్ములు, చర్మాలు వెంట తెచ్చే ఆలోచన ఉంటే వద్దు. మన దేశంలో అడవి జంతువుల భాగాల దిగుమతికి గట్టి ఆంక్షలున్నాయి.

వెళ్లేముందు గురి సరిచూసుకోవడానికి దగ్గరి అడవిలో ఒక చుక్కల దుప్పిని కొడితే ఏమవుతుంది? ఇక్కడ అవి మరీ ఎక్కువయ్యాయి కదా.
*- పేరు రాయలేదు*

దయచేసి ఆ పని చేయకండి. దుప్పులు ఇక్కడికి బ్రిటిష్‌వాళ్లు తెచ్చినవే, వాటివల్ల అడవికి నష్టం జరుగుతున్నదీ నిజమే. అయినా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 9వ సెక్షన్ ప్రకారం వేట నేరం. మీ లైసెన్సు కూడా పోతుంది, విదేశీ ప్రయాణం సంగతి సరేసరి. గురి చూసుకోవాలంటే అనుమతి ఉన్న షూటింగ్ రేంజ్ ఒక్కటే చోటు.

రెండు నెలలు విదేశంలో ఉంటాం. తుపాకీ ఇంట్లో పెట్టి తాళం వేసి వెళ్లవచ్చా? సముద్రపు గాలికి పాడవుతుందేమో అన్నది ఇంకో బెంగ.
*- ఒక పాఠకురాలు, ఫీనిక్స్ బే*

మీకు రెండు బెంగలు, ఒక్కోదానికి ఒక్కో మందు. లైసెన్సున్న ఆయుధ డీలర్ దగ్గర గానీ, పోలీస్ స్టేషన్లో గానీ దాచమని అప్పగించి రసీదు తీసుకోండి. ఎన్నికలప్పుడు మీ వారు అప్పగించే ఉంటారు, అదే పద్ధతి. ఇక ఉప్పుగాలి మాట. జెట్టీ దగ్గరి ఇళ్లలో ఇనప గొళ్లెం వానాకాలంలో నెల తిరగకుండానే ఎర్రబారడం మీరు చూసే ఉంటారు. రైఫిల్ గొట్టం కూడా అంతే. అప్పగించేముందు గొట్టం లోపలా బయటా నూనె పట్టించి, పొడిగుడ్డతో తుడిచి, మళ్లీ పలచగా ఒక పూత వేయండి. తోలు సంచిలో మాత్రం ఉంచకండి, తోలు తడిని పట్టుకుంటుంది.

మా అన్నయ్య ఇరవయ్యేళ్లు అమెరికాలో ఉండి తిరిగొచ్చేస్తున్నాడు. అక్కడ కొన్న రైఫిల్ తెస్తానంటున్నాడు. కస్టమ్స్‌వాళ్లు పట్టుకుంటారని ఇంట్లో అందరికీ గుబులు.
*- ఒక పాఠకుడు, ఫీనిక్స్ బే*

చెప్పకుండా తెస్తే పట్టుకుంటారు, చెప్పి తెస్తే దారి ఉంది. శాశ్వతంగా తిరిగి వచ్చేవారు, కనీసం ఏడాది పాటు విదేశంలో తమ దగ్గర వాడిన ఒక్క తుపాకీని, అదీ ఇక్కడ అనుమతి ఉన్న బోరు అయితే, సుంకం కట్టి తెచ్చుకోవచ్చు. కానీ విమానం ఎక్కేముందే ఇక్కడి ఆయుధ లైసెన్సు ఆయన చేతిలో ఉండాలి. తెచ్చాక దాన్ని అమ్మడానికి, ఇంకొకరికి ఇవ్వడానికి వీలుండదు. అన్నయ్యగారికి ఈ వారమే ఫోన్ చేసి, లైసెన్సు చేతికి వచ్చేదాకా టికెట్ కొనవద్దని చెప్పండి.