ఋతువులు - చెరువు నీరు - ఈత

నిజామాబాదు జిల్లాలో ఆర్మూరునకు చేరువనున్న వేల్పూరు, పసుపుపంటకు పేరొందిన సీమలోనిది. ఈ సీమకు జలమే జీవము. మంజీరానదిపై 1923 మొదలు 1931 వరకు నిర్మింపబడిన నిజాంసాగరము బోధను ప్రాంతపు చెఱకు తోటలకు ప్రాణము పోసినది. గోదావరిపై పోచంపాడువద్ద 1963లో జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిన శ్రీరాంసాగరము నేడు పెక్కు జిల్లాల పొలములను తడుపుచున్నది. ఇవిగాక పల్లెలలో చెరువులును కుంటలును కలవు. నీరున్నచోట బాలురకు ఈతపై మక్కువ కలుగుట సహజము. ఈత దేహమునకు మంచి వ్యాయామము. అయితే నీటి స్వభావము నెరుగక దిగినవారికి వినోదమే విషాదమగును. ఆ స్వభావము ఋతువు ననుసరించి మారుచుండును.

చలికాలపు ఉదయమున చెరువునుండి పొగవంటి ఆవిరి లేచుట మీరు చూచియే యుందురు. అప్పుడు గాలి మిక్కిలి చల్లగా నుండును. నీరో, చేయి పెట్టిన గోరువెచ్చగా తోచును. మండువేసవి మధ్యాహ్నమున కట్టమీది మట్టి కాలు మోపనీయదు. నీరు మాత్రము హాయిగా నుండును. దీనికి కారణమేమి? నీరు త్వరగా వేడెక్కదు, త్వరగా చల్లారదు. ఎండిన మట్టిని ఒక డిగ్రీ వేడిచేయుటకు కావలసిన ఉష్ణమునకు సుమారు అయిదు రెట్లు ఉష్ణము అంతే తూకముగల నీటికి కావలెను. కనుకనే చెరువు పగటి వేడిని కొంత దాచుకొని రాత్రివేళ మెల్లమెల్లగా విడుచును.

మన జిల్లాలో మే మాసమున గాలి వేడిమి 45 డిగ్రీల సెంటీగ్రేడు దరికి వచ్చుట కలదు. అప్పుడు చెరువు పైనీరు 30 డిగ్రీలకు మించును. కాని అడుగుననున్న నీరంతయు అట్లుండదు. వెచ్చని నీరు తేలిక, చల్లని నీరు బరువు. అందుచే వెచ్చని నీరు పైపొరగా నిలుచును. చల్లని నీరు లోతున నుండును. రొమ్ములోతు నీట నిలిచినవానికి భుజములవద్ద వెచ్చగను పాదములవద్ద చల్లగను తోచుట ఇందువలననే. లోతు తక్కువైన కుంటలలో రాత్రి పైనీరు చల్లబడి బరువెక్కి దిగిపోగా, అడుగునీరు పైకి వచ్చి రెండును కలిసిపోవును. లోతైన జలాశయములలో ఈ భేదము పలుదినములు నిలిచియుండును. కావున పైనీటి వెచ్చదనము చూచి ఒక్కసారిగా లోతునకు దూకరాదు.

వేసవిలో మరియొక అపాయము కలదు. నీరు తగ్గుటవలన ఒండ్రుమట్టి బయటపడును. పైన ఎండి బీటలువారినను లోపల మెత్తని బురద యుండును. అందు దిగిన కాలు పైకి రాదు. మట్టికై త్రవ్విన గోతులు నీటిచాటున కానరావు. మోకాటిలోతున నడచుచున్నవాడు మరుసటి యడుగున నిలువులోతున పడును. ఈత రానివారు చెరువులలో మునిగిపోవుటకు ఇట్టి గోతులు ఒక ముఖ్యకారణము.

జూను మొదలు సెప్టెంబరు వరకు వర్షకాలము. వాననీరు చేరుటచే చెరువు చల్లబడి, మట్టితో కలిసి ఎర్రబారును. అప్పుడు అడుగు కనబడదు. కొట్టుకొనివచ్చిన ముండ్లకంపలును మొద్దులును నీటిలో దాగియుండును. చెరువు నిండి మత్తడి దుమికినపుడు నీటి యీడ్పు గొప్ప యీతగానినైనను లాగివేయును. నీరు విడుచునపుడు తూముచెంత కూడ ఇట్టి యీడ్పే యుండును. పైకి నిశ్చలముగ కనబడు నీటికి లోపల అంత వేగముండునని ఎరుగక పలువురు ప్రాణములు కోల్పోయిరి. వర్షకాలమున నిండుచెరువును కట్టమీదినుండి చూచి యానందింపవలెనే కాని అందు దిగరాదు.

చలికాలమున నీరు తేటపడును. అయినను అది మన దేహముకంటె చాల చల్లనిది. మనుష్యుని దేహపు వేడిమి 37 డిగ్రీలు. గాలికంటె నీరు సుమారు ఇరువదియైదు రెట్లు శీఘ్రముగా దేహమునుండి వేడిని లాగుకొనును. అందుచే గాలిలో ఓర్వగలిగిన చలిని నీటిలో ఓర్వలేము. చల్లనినీట నొక్కసారిగ దుమికినవాడు అప్రయత్నముగా గుక్క తీయును. ఆ గుక్కతో నీరు లోనికి పోవచ్చును. కొంతసేపటికి పిక్కలు పట్టుకొనును, చేతులు స్వాధీనము తప్పును.

శిక్షణ పొందినవారు చల్లనినీటిని జయించుట నిజమే. బెంగాలునకు చెందిన ఆరతీ సాహా 1959 సెప్టెంబరు 29వ తేదీన ఇంగ్లీషు ఛానెలును ఈదిన మొట్టమొదటి ఆసియా మహిళ యయ్యెను. కాని ఆమె చిన్ననాటినుండి అభ్యాసము చేసినది. అంతకు ముందటి నెలలో చేసిన తొలి ప్రయత్నము విఫలమైనను నిరాశ చెందక మరల పూనుకొన్నది. ఛానెలు నీదువారి వెంట ఎల్లప్పుడును ఒక పడవ సాగుచుండును. సాహసమునకు సైతము సన్నాహము కావలెనని దీనివలన తెలియుచున్నది.

ప్రపంచ ఆరోగ్యసంస్థ అంచనా ప్రకారము 2021లో సుమారు మూడు లక్షలమంది నీట మునిగి మరణించిరి. వారిలో పసివారును బాలురును పెక్కుమంది. ఇది తప్పింపశక్యమైన దుఃఖము. కనుక ఈ నియమములను మనసున నుంచుకొనుడు. ఈత తెలిసిన పెద్దలు చెంతనుండగనే నీట దిగుడు. మన పల్లెలలో వెనుకటినుండియు వీపునకు బెండు కట్టియో, నడుమునకు త్రాడు కట్టియో ఈత నేర్పుదురు. తొందరపడక అట్లే నేర్చుకొనుడు. ముందుగా పాదములు తడిపి, పిదప ముఖము, రొమ్ము తడుపుకొని మెల్లగా దిగుడు. వణకు పుట్టినతోడనే గట్టెక్కి, తడి తుడుచుకొని పొడిబట్టలు కట్టుకొనుడు.

ఎవరైన మునుగుచుండగా చూచినచో, వారిని రక్షింపవలెనని వెంటనే దుముకకుడు. మునుగువాడు దొరికినదానిని గట్టిగా పట్టుకొనును. అందుచే ఇరువురును మునుగుదురు. గట్టుననుండియే కేకలు వేసి పెద్దలను పిలువుడు. వెదురుగడనో, త్రాటినో, పంచెకొంగునో అందింపుడు. మూతగల ఖాళీడబ్బా విసరినను అతనికి ఆధారమగును.

చెరువు మనకు అన్నము పెట్టు తల్లి. ఆ తల్లి ఏ ఋతువున ఎట్లుండునో తెలిసి మెలగుట పిరికితనము కాదు, వివేకము. నీటిని ప్రేమించువాడు నీటిని గౌరవింపవలెను.

ప్రశ్నలు

1. చలికాలపు ఉదయమున చెరువునీరు గోరువెచ్చగా తోచుటకు కారణమేమి?
2. వేసవిలో పైనీటికిని అడుగునీటికిని గల భేదమును వివరింపుము.
3. వర్షకాలమున మత్తడిచెంతను తూముచెంతను ఏల ఈదరాదు?
4. నీట మునుగుచున్నవానికి గట్టుననుండి ఎట్లు తోడ్పడవచ్చును?