స్టీరింగ్ కుడికి మార్చమంటే ముందు ఆర్సీ అడగండి

లెఫ్ట్ స్టీరింగ్ ఉన్న పాత షెవర్లే ఇంపాలా ఒకటి మీ షెడ్డు ముందు ఆగి, ఓనరు దిగి, "స్టీరింగ్ కుడికి మార్చాలన్నా, ఎంతవుతుంది?" అంటే వెంటనే రేటు చెప్పకండి. ముందు ఆర్సీ అడగండి. తర్వాత ఛాసిస్ నంబరు తుడిచి చూసుకోండి. రెండూ కలవకపోతే టీ తాగించి పంపేయడం మేలు.

తిరుపతికి ఇలాంటి బండి ఎందుకొస్తుందని అనుకోవద్దు. చెన్నైకీ బెంగళూరుకీ పొద్దున పోయి రాత్రికి తిరిగి రావచ్చు. పాత కార్లు దాచుకునే వాళ్లు ఆ రెండు ఊళ్లలోనూ ఉన్నారు. నెలల తరబడి ఒక బండిని విప్పి పెట్టుకోవాలంటే కావలసింది స్థలం. అది అక్కడికంటే మన దగ్గర చౌక.

అమెరికన్ కారు అంటే స్టీరింగ్ ఎడమవైపే ఉంటుందన్నది మన వాళ్లలో చాలామందికున్న అపోహ. జనరల్ మోటార్స్ 1928 నుంచి బొంబాయిలో షెవర్లేలు బిగించింది. ఫోర్డ్ 1926లోనే ఇక్కడ కంపెనీ పెట్టింది. 1950ల మధ్యకల్లా రెండూ మూసుకుపోయాయి. బ్రిటిష్ పాలన ఉన్న దేశాలకు పంపే కార్లను కెనడాలో కుడి స్టీరింగ్‌తోనే చేసేవారు. క్రైస్లర్‌తో ఒప్పందం చేసుకున్న ప్రీమియర్ కంపెనీ డాడ్జ్, ప్లిమత్, డిసోటోలను కుర్లాలో కుడి స్టీరింగ్‌తోనే బిగించింది. కాబట్టి 1948 డాడ్జ్ కుడి స్టీరింగ్‌తో కనిపిస్తే, ఎవరో మార్చారని అనుకుని ఏదీ కదిలించకండి. అది పుట్టడమే అలా పుట్టింది.

నిజమైన లెఫ్ట్ స్టీరింగ్ బండ్లు వేరే దారుల్లో వచ్చాయి. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం తెచ్చి, డిస్పోజల్‌లో అమ్మేసిన జీపులు కొన్ని. ఢిల్లీలోని రాయబారులు వాడి వదిలేస్తే స్టేట్ ట్రేడింగ్ కార్పొరేషన్ అమ్మిన ఇంపాలాల్లాంటివి కొన్ని. ఇప్పుడు వింటేజ్ పేరుతో వస్తున్నవి ఇంకొన్ని. మామూలు సెకండ్ హ్యాండ్ కారును దిగుమతి చేయాలంటే మూడేళ్లు దాటకూడదు, స్టీరింగ్ కుడివైపే ఉండాలి. పాతకాలపు బండ్లకు నిబంధన వేరు. గతంలో 1950కి ముందు తయారైనవాటికే ఉన్న వెసులుబాటును 2025లో 50 ఏళ్లు దాటిన బండ్లకు సడలించారు. పన్నులే కారు ధరను మించిపోతాయి కాబట్టి తెచ్చేవాడు డబ్బున్నవాడే. అయినా మీ కూలి దగ్గర గీచి గీచి బేరమాడతాడు.

ఇప్పుడు చట్టం సంగతి. స్టీరింగ్ ఎడమవైపు ఉంటే రోడ్డెక్కకూడదని చాలామంది మెకానిక్‌లే చెప్తుంటారు. మోటారు వాహనాల చట్టం 120వ సెక్షన్ అలా అనలేదు. నిబంధనల్లో చెప్పిన సిగ్నల్ పరికరం బండికి ఉండి, అది పనిచేస్తుండాలి అన్నదే షరతు. స్టీరింగ్ మార్చడానికి మాత్రం 52వ సెక్షన్ అడ్డం వస్తుంది. తయారీదారు ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదు. అనుమతి లేని మార్పు చేసిన ఓనరుకు 182ఏ సెక్షన్ కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. చెప్పకుండా మార్చిన బండి గుద్దుకుంటే ఇన్సూరెన్సు వాళ్లు చేతులెత్తేయడానికి అదొక్కటి చాలు.

ఇంకో ముఖ్యమైన విషయం ఉంది. 2021 జులైలో కేంద్రం వింటేజ్ వాహనాల రిజిస్ట్రేషన్‌కు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటిన బండికి 'వీఏ' అక్షరాలున్న నంబరు ఇస్తారు. ఫీజు 20,000, గడువు పదేళ్లు, తర్వాత 5,000 కట్టి పొడిగించుకోవాలి. అయితే బండి అసలు రూపంలోనే ఉండాలి. ఛాసిస్‌లో, బాడీ షెల్‌లో, ఇంజిన్‌లో పెద్ద మార్పులు జరిగి ఉండకూడదు. స్టీరింగ్ కుడికి తేవాలంటే ఫైర్‌వాల్‌కు కొత్త రంధ్రాలు కొట్టాలి, ఛాసిస్‌కు కొత్త బ్రాకెట్ వేయాలి. అంటే మీ డ్రిల్లింగ్ మెషీన్ తగిలిన క్షణం నుంచి ఆ వీఏ నంబరుకే ఎసరు రావచ్చు. ఓనరుకు ఇది తెలియకపోవచ్చు, తెలిసీ చెప్పకపోవచ్చు. మీరే చెప్పండి. ఇంకోమాట: వీఏ బండిని ర్యాలీకి, ప్రదర్శనకు, పెట్రోలుకు, రిపేరుకు తిప్పుకోవచ్చు గానీ, పెళ్లి ఊరేగింపులకు బాడుగకు పంపడం కుదరదు.

ఇదంతా విన్నాక కూడా ఓనరు పట్టుబట్టి, ఆర్టీఓ ఆఫీసు నుంచి రాతపూర్వకంగా అనుమతి తెచ్చిస్తే అప్పుడు పనిలోకి దిగండి.

పనిలో అసలు చిక్కు స్టీరింగ్ బాక్సు. ఎడమ ఛాసిస్ పట్టీ లోపలికి అతికేలా పోత పోసిన బాక్సు అది. కుడి పట్టీకి సరిపోలేదని తలకిందులుగా బిగిస్తే చక్రం కుడికి తిప్పినప్పుడు బండి ఎడమకు పోతుంది. అందుకే కుడివైపుకే తయారైన బాక్సు వెతకాలి. ఆస్ట్రేలియాలో హోల్డెన్ కంపెనీ 1968 దాకా కుడి స్టీరింగ్ షెవర్లేలు బిగించింది కాబట్టి అక్కడి పాత సామాన్లు పనికొస్తాయి. ప్రీమియర్ డాడ్జ్‌ల సామాన్లకు చెన్నై పుదుపేట గుజరీ అంగళ్లు, బెంగళూరు జేసీ రోడ్డు తిరగాలి. బాక్సు దొరికాక కుడివైపు స్టార్టరుందా, ఎగ్జాస్టుందా చూసుకోవాలి. వి8 ఇంజిన్ అయితే రెండు పక్కలా ఎగ్జాస్టే, స్టీరింగ్ రాడ్డుకు దారి దొరకడం కష్టం. ఆ తర్వాత పెడళ్లు, మాస్టర్ సిలిండరు, బ్రేకు పైపులు, కాలమ్ గేరు లింకులు, వైపరు మోటారు, డ్యాష్‌బోర్డు. హెడ్‌లైట్లు మరిచిపోతారు చాలామంది. అమెరికా లైట్లు డిమ్ చేస్తే వెలుతురు కుడిపక్కకు పడుతుంది, మన రోడ్డు మీద అది ఎదురొచ్చేవాడి కళ్లలోకి. ఏడంగుళాల సీల్డ్ బీమ్ అయితే మన లైటు అందులో కూర్చుంటుంది.

ఓనరు ఎంత డబ్బిస్తానన్నా ఒప్పుకోకూడని పనులున్నాయి. ఎడమ కాలమ్‌ను అలాగే ఉంచి, డ్యాష్‌బోర్డు కింద చైనూ పళ్లచక్రాలూ పెట్టి కుడికి లాగడం ఒకటి. చైన్ తెగిందంటే స్టీరింగే లేదు. పిట్‌మన్ ఆర్మునీ స్టీరింగ్ ఆర్మునీ ఎర్రగా కాల్చి వంచడం, కోసి వెల్డింగు కొట్టడం ఇంకా ఘోరం. అవి ఫోర్జింగ్ సామాన్లు. కాల్చితే గట్టిదనం పోతుంది, పగులు లోపలుంటుంది, మీ కంటికి కనబడదు. 1967 తర్వాతి కార్లలో గుద్దుకున్నప్పుడు ముడుచుకునే కాలమ్ ఉంటుంది, దాన్ని కోసి అతికిస్తే డ్రైవరు గుండెకు గునపం పెట్టినట్టే. "తిరుపతిలో ఇంకో షెడ్డువాడు చేస్తానన్నాడు" అని ఓనరు బెదిరిస్తే, అక్కడికే పొమ్మనండి.

డబ్బు దగ్గర మొహమాటం వద్దు. మొత్తానికి ఒకే రేటు ఒప్పుకుంటే నష్టపోయేది మీరే. విప్పడం, ఛాసిస్ పని, స్టీరింగు, బ్రేకులు, టింకరింగు, వైరింగు అని భాగాలుగా విడగొట్టి, ఒక్కో భాగానికి ముందే అడ్వాన్సు తీసుకోండి. సామాన్లు ఓనరే కొనిస్తే మంచిది. విప్పే ముందు ప్రతి మూలనీ ఫోనులో ఫొటో తీసి ఆయనకే పంపండి. "రిజిస్ట్రేషన్ బాధ్యత ఓనరుది" అని కాగితం మీద సంతకం తీసుకోండి. ఆర్టీఓ పని నేను చూసుకుంటానని మాత్రం మాటివ్వొద్దు.

బండి తయారయ్యాక ట్రయల్‌కు నేరుగా తిరుమల ఘాటు ఎక్కించాలని ఓనరుకు ఉబలాటంగా ఉంటుంది. ముందు ఖాళీ మైదానంలో, తర్వాత రద్దీ లేని రోడ్డు మీద నడపండి. ఆ తర్వాతే భాకరాపేట ఘాటు. పాత డ్రమ్ బ్రేకులు దిగుడులో వేడెక్కితే పట్టు వదులుతాయి, దిగేటప్పుడు తక్కువ గేరులోనే ఉంచండి.

ఐటీఐ చదివి ఈ దారిలోకి రావాలనుకునే తమ్ముళ్లు స్టీరింగ్ మార్పిడి మీద బతుకుదామనుకోవద్దు. అలాంటి బండి ఏడాదికి ఒకటి వస్తే గొప్ప. నిలకడగా పని దొరికేది జీపుల్లో. యుద్ధకాలపు విల్లీస్, ఫోర్డ్ జీపులన్నీ లెఫ్ట్ స్టీరింగే. మన దగ్గర చాలావాటిని మహీంద్రా జీపు సామాన్లతో ఎప్పుడో కుడికి మార్చేశారు, కొన్ని చక్కగా, కొన్ని దారుణంగా. ఆ పాత పనిని సరిదిద్దడం, కింగ్ పిన్నులూ టై రాడ్లూ కొత్తవి వేయడం, బ్రేకులు బాగుచేయడం వస్తే చేతినిండా పని ఉంటుంది. అసలు రూపానికి తెచ్చుకోవాలనుకునేవాళ్లు స్టీరింగును తిరిగి ఎడమకే పెట్టమంటారు. ఆ పనికి కూడా ఆర్సీలో ఏముందో చూశాకే స్పానర్ పట్టండి.